‘నష్టజాతకుడా’ అని వినపడగానే ఆర్డర్ మర్చిపోతున్నాను

గుంటూరు జిల్లాలోని ఒక ఊరి నుంచి 26 ఏళ్ల యువకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఈయనకు 9 ఏళ్లప్పుడు నాన్న లారీ ప్రమాదంలో పోయారు. పదకొండో రోజున చుట్టాలంతా వసారాలో కూర్చుని ఉండగా, వరసకు నాయనమ్మ అయ్యే ఒకావిడ ఈయన వంక చూసి “నష్టజాతకుడు, తండ్రిని మింగాడు” అంది. ఆ తర్వాత అమ్మ, చెల్లెలు, ఈయన మేనమామ ఇంటికి చేరారు. మామయ్యకు బస్టాండు దగ్గర బాగా నడిచే టిఫిన్ హోటల్ ఉంది. ఈయన్ని డిగ్రీ దాకా చదివించారు, చెల్లెలి పెళ్లి చేశారు. ఉద్యోగం దొరక్క ఈయన రెండేళ్ల కిందట ఆ హోటల్లోనే సర్వర్‌గా చేరారు.

అక్కడ టేబుళ్లకు చీటీ రాసే అలవాటు లేదు. మామయ్య వాళ్ల నాన్నగారి కాలం నుంచీ అంతా నోటితోనే. ఊళ్లో అదొక పేరు వాళ్లకి. మొదటి ఏడాదిన్నర ఈయనకూ ఇబ్బంది కాలేదు. ఆర్నెల్ల కిందట ఎదురుగా ఇంకో హోటల్ తెరిచారు. బేరాలు తగ్గాయి, మామయ్య నోరు పెరిగింది. అందులో ఎక్కువగా వచ్చే తిట్టు ‘నష్టజాతకుడా’.

“టేబుల్ దగ్గర ఆర్డర్ తీసుకుంటాను. నోట్లో గొణుక్కుంటూ వంటింటి కిటికీ దాకా పోవాలి, పన్నెండు అడుగులు. మధ్యలో గల్లా. మామయ్య ఆ మాట అంటారు. కిటికీ దగ్గర దోసె మాస్టర్ ‘చెప్పు’ అంటే నోట్లో ఏమీ ఉండదు. మళ్లీ వెనక్కి వెళ్లి అడగాలంటే సిగ్గు. ఏదో ఒకటి చెప్పేస్తాను” అని రాశారు. మొన్న కార్తీక సోమవారం నాడు ఉల్లి లేకుండా పెసరట్టు అడిగిన పెద్దాయనకి ఉల్లి వేసింది వెళ్లింది. ఆయన చేతులు కడుక్కుని లేచిపోయారు. పాడైన ప్లేట్ల డబ్బు ఈయన జీతంలో కోత పడుతోంది. తోటి సర్వర్ ఒడిశా అబ్బాయి. అతనికీ అవే తిట్లు. నవ్వేసి, ఎనిమిది ఐటమ్‌లు పొల్లుపోకుండా చెప్తాడట. ఈయన మూడు సీసాల లేహ్యం తిన్నారు, ఫోన్‌లో చిన్న వయసు మతిమరుపు గురించి చదివి భయపడ్డారు. అమ్మ మాత్రం “మామయ్య నోరే అంత, మనసు వెన్నరా” అంటోంది.

నాకు జబ్బా? మామయ్యకి చెప్పొచ్చా? ఏకంగా హైదరాబాద్ వెళ్లిపోతే నయమా? ఇవీ ప్రశ్నలు.

సమాధానం:

ముందు జబ్బు సంగతి. ఏ వారం ఏ తిట్టు పడిందో, ఆ పూట ఏ టేబుల్ మీద ఎవరున్నారో మీరు ఉత్తరంలో వరసపెట్టి రాశారు. కార్తీక సోమవారం నాటి పెద్దాయన నుదుటి మీద విభూతి రేఖలు కూడా వదల్లేదు. మతిమరుపు పట్టినవాళ్లు రాసే ఉత్తరం ఇలా ఉండదు. మూడో పేజీలో మాటవరసకి ఇంకో సంగతి రాసి దాటేశారు. మధ్యాహ్నం మామయ్య భోంచేసి ఇంటికి వెళ్లాక, సాయంత్రం పునుగులు, బజ్జీల వేళ అయిదు టేబుళ్లు ఒక్కరే చూసుకుంటున్నారట, అప్పుడు తప్పులు పోవట్లేదట. పొద్దున మతిమరుపు ఉండి సాయంత్రం మాయమయ్యే జబ్బు నాకు తెలిసి లేదు. ఉత్తరం ప్రకారం మీరు మర్చిపోతున్నది ఒక్కటే రకం సంగతి, ఒక్క చోట, ఒక్క మాట వినపడ్డాక.

ఆ పన్నెండు అడుగుల్లో ఏం జరుగుతోందో చూద్దాం. మీ నోట్లో గొణుగుడు ఉంది చూశారూ, మీ ఆర్డర్‌కి ఆధారం అంతా అదే. ఇప్పుడే విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచే జ్ఞాపకాన్ని స్వల్పకాలిక జ్ఞాపకం అంటారు. అది గిడ్డంగి లాంటిది కాదు, దోసిలి లాంటిది. అందులో ఏడు, అటూ ఇటూ రెండు సంగతులు పడతాయని జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అంత కూడా లేదు, గొణుక్కోవడం లాంటి సాయాలు తీసేస్తే సుమారు నాలుగే అన్నాడు. పట్టినవి కూడా నిలవాలంటే లోపల తిప్పుకుంటూ ఉండాలి. 1959లో పీటర్సన్ దంపతులు మనుషులకు మూడే మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక అంకె ఇచ్చి, అందులోంచి మూడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు, లోపల హల్లులు తిప్పుకునే వీలు లేకుండా. 18 సెకన్లకల్లా ఆ మూడు అక్షరాలూ చాలామటుకు ఎగిరిపోయాయి. మూడు అక్షరాలే నిలవనప్పుడు ‘మూడో నంబర్‌కి రెండు ఇడ్లీ, ఒకటి ఉప్మా పెసరట్టు, ఒకటి ఉల్లి లేకుండా, కారప్పొడి విడిగా’ నిలుస్తుందా? గల్లా దగ్గర ఎవరు ఏం మాట్లాడించినా మీ గొణుగుడు తెగుతుంది. “ఒరేయ్, పాలవాడు వచ్చాడా?” అన్నా తెగుతుంది.

అయితే పాలవాడి సంగతి అడిగినప్పుడు మీరు తడబడి మళ్లీ అందుకుంటున్నారు. ఆ తిట్టు పడినప్పుడు అందుకోలేకపోతున్నారు. తేడా అంతా మాటలోనే ఉంది.

లండన్‌లో బ్రయాన్ స్ట్రేంజ్, రేమండ్ డోలన్ బృందం 2003లో ఒక పరిశోధన అచ్చువేసింది. మామూలు మాటల వరసలో అక్కడక్కడా మనసును కుదిపే మాట ఒకటి పెట్టారు. తర్వాత గుర్తున్నవి చెప్పమంటే, కుదిపే మాట బాగా గుర్తుంది. వింత ఏమిటంటే, దానికి సరిగ్గా ముందున్న మామూలు మాట జారిపోయింది. బరువైన మాట తన పీట తాను వేసుకుని, పక్కనున్నదాన్ని తోసేసిందన్నమాట. మెదడులో బాదంపప్పు ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఒక రోగిలో ఈ రెండూ కనిపించలేదు, ఆ మాట ఎక్కువ గుర్తుండడమూ లేదు, ముందుమాట జారడమూ లేదు. అడ్రినలిన్ పనిని అడ్డుకునే ఒక మందు ఇచ్చినప్పుడు కూడా అంతే. ఆ మందు పేరు కావాలనే రాయడం లేదు. లేహ్యం మూడు సీసాలు తిన్నవారు మందుల షాపుకి వెళ్లరని నమ్మకం ఏమిటి? అది గుండెకీ బీపీకీ డాక్టర్లు రాసే మందు, సర్వర్ల కోసం తయారు చేసింది కాదు.

మీరు టేబుల్ దగ్గర విన్న ఆఖరి మాట ఏది? మామూలుగా కస్టమర్ ఆఖర్న చెప్పేది ప్రత్యేకమైనదే: ‘ఉల్లి వద్దు’, ‘కాస్త ఎర్రగా కాల్చమను’, ‘పార్సిల్ ఒకటి’. మీరు రాసిన ఆరు తప్పుల్లో నాలుగు సరిగ్గా ఆ ఆఖరి మాట దగ్గరే పోయాయి. ఇడ్లీ బదులు పూరీ వెళ్లలేదు, ఉల్లి లేనిది ఉల్లితో వెళ్లింది. ప్రయోగశాలలో మాటకీ మాటకీ మధ్య ఎడం కొద్ది సెకన్లే, మీకు పన్నెండు అడుగులు. కాబట్టి అక్కడ జరిగిందీ ఇక్కడ జరిగిందీ అచ్చంగా ఒకటేనని ప్రమాణం చేయను. పోలిక మాత్రం ఉంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూడండి. చెల్లెలు వచ్చినప్పుడు ఓ పది మాటలు నిమిషానికి అరవై చొప్పున చదివి ఒప్పజెప్పమనండి: చెంబు, కిటికీ, గొడుగు, దారం, ఇలా. నడిమధ్య తనను కుదిపే మాట ఒకటి పెట్టండి. పరీక్ష ఫలితాల వారంలో మా అన్నయ్య కూతుళ్లిద్దరి మీద నేనిది చేశాను, మధ్యలో ‘ఫెయిల్’ పెట్టి. పెద్దది ‘ఫెయిల్’ అని ముందే అరిచి, దాని ముందున్న ‘దారం’ చెప్పలేకపోయింది. చిన్నది పదీ చెప్పేసి, ఇంకో వరస ఇమ్మంది. అందరిలో ఒకేలా పనిచేయదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. జాబితాలు ఎంతో జాగ్రత్తగా కూర్చి చేసిన కొన్ని ప్రయోగాల్లో మాటల్లోని ఉద్వేగానికి వెంటనే ఒప్పజెప్పే జ్ఞాపకం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదు కూడా. మరికొన్నిటిలో తియ్యని మాటలు మామూలు మాటలకన్నా కాస్త బాగా గుర్తున్నాయి. అచ్చులో ఉన్న మాటకీ, అన్నం పెట్టిన మనిషి నలుగురిలో అన్న మాటకీ ఉన్న దూరం ఈ ప్రయోగాలు కొలవలేవు.

ఇక ఒడిశా అబ్బాయి. “వాడికి లేని జబ్బు నాకెందుకు” అన్నారు. అతను ఆ మాట వింటున్నాడు గానీ, అది అతన్ని తాకడం లేదు. బోస్టన్‌లో కేథరిన్ హారిస్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి, టర్కీ నుంచి వచ్చి పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ల వేళ్లకు చెమట కొలిచే తీగలు పెట్టి రెండు భాషల్లో మాటలు వినిపించారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల్లో, చిన్నపిల్లల్ని మందలించే మాటలకు, మన ‘సిగ్గు లేదూ’ లాంటివాటికి, టర్కిష్‌లో విన్నప్పుడు ఒళ్లు బాగా కదిలింది, అదే మాట ఇంగ్లీషులో వింటే అంతగా కదల్లేదు. చిన్నప్పుడు ఒంటికి తగిలిన భాష వేరు, పెద్దయ్యాక నేర్చుకున్న భాష వేరు. ఆ అబ్బాయి చెవికి ‘నష్టజాతకుడా’ అంటే బహుశా ‘త్వరగా నడువు’ అని అర్థం. మీ చెవికి అది వసారా, పదకొండో రోజు, ఆ పెద్దావిడ చూపు. అతన్ని ఒడియాలో, వాళ్లమ్మను కలిపి ఎవరైనా ఒక మాటంటే ఎనిమిది ఐటమ్‌లు చెప్పగలడేమో అడిగి చూడండి. వద్దులెండి, అడగకండి.

మీ మామయ్యా ఆ మాటను మీరు విన్న అర్థంలో అనడం లేదని నా అనుమానం. మన ఊళ్లలో ఎద్దు మొరాయించినా, మోటారు కాలినా ‘నష్టజాతకం’ అంటారు. పదకొండో రోజున ఆయన ఆ వసారాలో ఉన్నారా, పెద్దావిడ మాట విన్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. అది చాలా పెద్ద విషయం, తర్వాత దానికే వస్తాను.

మీరు రాసిన ఇంకో తప్పు నన్ను ఆపింది. సంక్రాంతి ముందు, బంధువులెవరో వస్తే మామయ్య గల్లా దగ్గర నుంచే మిమ్మల్ని చూపించి “మా అల్లుడు, రేపు హోటలంతా వీడిదే” అన్నారు. ఆ పూట కూడా మీరు ఆర్డర్ మర్చిపోయారు. “పొగిడినా మర్చిపోతున్నానంటే జబ్బే కదా” అన్నారు. నాకు తిరగేసి కనిపిస్తోంది. మాటలకు రెండు గుణాలుంటాయి. తీపా చేదా అన్నది ఒకటి, ఎంత గట్టిగా కుదుపుతుందన్నది ఇంకొకటి. ‘మల్లెపూవు’ తియ్యన, కుదుపు లేదు. ‘నీరసం’ చేదు, దానికీ కుదుపు లేదు. ‘అల్లుడు’ తియ్యనే, కానీ మీ ఇంటి పరిస్థితిలో ఆ మాట వెంట పెళ్లి, మరదలు, అమ్మ ఆశ, తీర్చలేని రుణం అన్నీ కట్టకట్టుకుని వస్తాయి. దోసిలిలో ఉన్న నాలుగింటిని ఒలకబోయడానికి చేదే కానక్కర్లేదు, కుదుపు చాలు.

అయితే ఒలికిపోయిన పెసరట్టు పోయింది, తిట్టు మాత్రం పదిహేడేళ్లుగా ఎందుకుంది? మిషిగన్‌లో క్లైన్‌స్మిత్, కాప్లాన్ 1963లో ఎనిమిది మాటలకు ఎనిమిది అంకెలు జతచేసి నేర్పించారు. కొన్ని మాటలకు చర్మం స్పందిస్తుంది, కొన్నిటికి స్పందించదు. రెండు నిమిషాల తర్వాత అడిగితే, ఒంటిని కుదిపిన మాటల అంకెలే తక్కువ గుర్తున్నాయి. వారం తర్వాత అడిగితే తారుమారు, కుదిపినవే ఎక్కువ నిలిచాయి. తర్వాత ఇదే చేసిన వాళ్లందరికీ ఇంత శుభ్రంగా రాలేదు. కానీ పెద్ద కుదుపులు అప్పటికప్పుడు చేతిలో పని చెడగొట్టి, ఏళ్ల తరబడి నిలిచిపోతాయన్నది మీకు చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు మీరు పొద్దున మూడున్నరకు లేస్తున్నారు, రాత్రి పదకొండుకు పడుకుంటున్నారు. ఏ లేహ్యమూ అయిదో గంట నిద్రకి సాటి రాదు.

ఇప్పుడేం చేయొచ్చు. నాలుగైదు దారులు కనిపిస్తున్నాయి. ఏదీ ఖర్చు లేనిది కాదు.

అన్నిటికన్నా గట్టిది చీటీ. కాగితానికి ఎవరు తిట్టినా చెమట పట్టదు. ఇబ్బంది కాగితంతో కాదు, మామయ్య గొప్పతో. ‘మా నాన్న నలభై మందికి నోటితో చెప్పేవాడు’ అన్న మనిషి ముందు మీరు పుస్తకం తీస్తే ఆయనకది తన తండ్రి పేరు చెరిపేసినట్టు ఉండొచ్చు, ‘ఈ మాత్రం చేతకాదా’ అని ఇంకో తిట్టు పడొచ్చు. పార్సిళ్లకు చీటీ రాస్తున్నారని మీరే అన్నారు. దానికి ఆయన ఒప్పుకున్నారుగా, తలుపు అక్కడే తెరిచి ఉంది. మొదట ప్రత్యేకం అడిగినవాళ్లకే, అంటే ఉల్లి వద్దన్నవాళ్లకీ, నెయ్యి వద్దన్నవాళ్లకీ చీటీ అని మొదలెడితే, ఎదురు హోటల్ పోటీలో ఇది కస్టమర్ మర్యాద కిందికి వస్తుంది, మీ చేతకానితనం కిందికి రాదు. చీటీ ఆర్డర్‌ని కాపాడుతుంది. మిమ్మల్ని కాపాడదు, ఆ మాట గల్లా దగ్గర అలాగే ఉంటుంది.

చీటీ కుదరకపోతే మాట పడేలోపే ఆర్డర్ దాటించేయడం ఇంకో దారి. టేబుల్ దగ్గర నుంచే వంటింటి కిటికీకి కేక వేయడం పాత హోటళ్లలో మామూలే. మీది ఇరుకు హాలు అన్నారు కాబట్టి గొంతు అందుతుంది. ముందు కస్టమర్‌కి ఒకసారి తిరిగి చెప్పండి, అది రెండోసారి గొణుక్కున్నట్టే. చెప్పేటప్పుడు మనిషి వరసన కాకుండా పొయ్యి వరసన కట్టుకోండి: పెనం మీదవి ఎన్ని, ఆవిరివి ఎన్ని, నూనెలోవి ఎన్ని. ఏడు సంగతులు మూడు మూటలవుతాయి. అమెరికాలో ఒక వెయిటర్ కాగితం లేకుండా ఇరవై మంది భోజనాల దాకా గుర్తుపెట్టుకునేవాడు. ఎరిక్సన్, పోల్సన్ అనే పరిశోధకులు అతన్ని జేసీ అని పిలిచి 1988లో అతని కిటుకు బయటపెట్టారు. సలాడ్ మీద వేసే వాటి మొదటి అక్షరాలు కలిపి ఒక మాట చేసుకునేవాడు, మాంసం ఎంత కాల్చాలన్నది ఎత్తుపల్లాల గీతలా చూసుకునేవాడు. పుట్టుకతో వచ్చిన జ్ఞాపకశక్తి కాదు, మూటకట్టే పద్ధతి. మీ మామయ్య వాళ్ల నాన్నగారు కూడా తెలియకుండా ఇదే చేసి ఉంటారు, మామయ్యని అడగండి. ‘తాతయ్య ఎలా గుర్తుపెట్టుకునేవారు మామయ్యా?’ అన్న ప్రశ్నకి తిట్టే మనిషి తక్కువ. ఈ పద్ధతికి ఇబ్బంది ఒకటే. అలవాటయ్యే నెలా నెలన్నరలో తప్పులు ఇంకా పోతాయి, జీతంలో కోతా ఉంటుంది.

ఇక మామయ్యతో మాట. ‘నన్ను తిట్టొద్దు’ అంటే నోరు అలవాటుపడిన మనిషికి అది జరిగే పని కాదు, పైగా ‘అన్నం పెట్టిన చేతికే నీతులు’ అన్న మాట దగ్గరికి పోతుంది. ‘ఆ ఒక్క మాట వద్దు మామయ్యా’ అనడం వేరు. కారణం కూడా చెప్పండి. నాన్న పదకొండో రోజున ఎవరు ఏమన్నారో, అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారో. పోయింది ఆయన బావగారే. ఆయన ఆ మాట ఇప్పటిదాకా విని ఉండకపోతే, బహుశా మళ్లీ అనలేరు. విని ఉండీ అంటున్నారంటే మీకు వేరే సంగతి తెలుస్తుంది, అది బాధగా ఉన్నా తెలుసుకోదగిందే. మధ్యాహ్నం గల్లా లెక్క చూసేటప్పుడు వద్దు, ఆయన దృష్టి పోయిన ప్లేట్ల మీద ఉంటుంది. రాత్రి కొట్టు కట్టేశాక, పెనాలు కడుగుతున్న చప్పుడులో, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేని పని ఏదైనా చేస్తూ చెప్పండి. ఆయన నవ్వేసి ‘దానికా ఇంత’ అంటే కించపడకండి, మరునాటి నుంచి ఏమంటారో చూడండి. అమ్మ ద్వారా చెప్పించొచ్చు కూడా. ఆవిడ మాట ఆయన వింటారు. కానీ చెల్లెలు చెబితే అన్నకి అది ఫిర్యాదులా, రుణం గుర్తుచేసినట్టుగా ఉంటుంది. పైగా ఆ పదకొండో రోజు మాట అమ్మ విందో లేదో, మీరిన్నాళ్లూ మోస్తున్నారని ఆవిడకి తెలుసో లేదో. ముందు ఆవిడతో మీకోసం మాట్లాడండి, రాయబారం కోసం కాదు.

మాట్లాడే ధైర్యం ఇప్పుడే రాకపోతే రాయండి. 2001లో క్లైన్, బోల్స్ అనే ఇద్దరు, కాలేజీలో కొత్తగా చేరిన కొందరు పిల్లల్ని కొత్త చోటికి రావడం మీద మనసులో ఉన్నదంతా కొన్నాళ్లు ఇరవై నిమిషాల చొప్పున రాయమన్నారు. ఏడు వారాల తర్వాత చూస్తే, చేతిలో పట్టి పనిచేసే జ్ఞాపకం వాళ్లకి మిగతావాళ్లకన్నా మెరుగైంది. లోపల ఒక సంగతిని అణిచిపెట్టి ఉంచడానికే దోసిలిలో కొంత చోటు ఖర్చవుతుందని వాళ్ల ఊహ. నాకు రాసిన ఉత్తరంతో మీరు సగం పని మొదలెట్టినట్టే. అయితే రాయడం మొదటి రోజుల్లో మనసుని ఇంకా బరువు చేస్తుంది. పొద్దున రద్దీకి ముందు కాకుండా, సాయంత్రం ఖాళీలో రాయండి.

హైదరాబాద్ వెళ్లడం తప్పు కాదు. అక్కడ యజమాని హిందీలో తిడితే ఒడిశా అబ్బాయిలా మీరూ నవ్వేయొచ్చు, ఆ మేరకు లాభమే. కానీ ‘నేను నష్టజాతకుణ్ణి కాదు’ అని ఎవరికో రుజువు చేయడానికి వెళ్తే, మొదటి పొరపాటుకే ఆ మాట మీరే మీతో అనుకుంటారు. గల్లా దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు. అమ్మ ఒంటరవుతుంది, మామయ్య అలుగుతారు, అది నెలల తరబడి ఉండొచ్చు. జీతం కోసమో, డిగ్రీకి తగ్గ పని కోసమో వెళ్లాలనుకుంటే వేరు, అప్పుడు మీతో చెప్పే కారణమే మామయ్యతోనూ చెప్పగలుగుతారు.

డాక్టర్ సంగతి. సాయంత్రాలూ, ఇంట్లోనూ, తిట్టు లేని చోట కూడా మర్చిపోవడం మొదలైతే, తెలిసిన దారి తప్పితే, మాట వెతుక్కుంటుంటే ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్, బీ12 లాంటివి మామూలు రక్తపరీక్షలో తేలతాయి. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పని చేయగలరా? పదిహేను రోజులు, రాత్రి పడుకునే ముందు, ఆ రోజు పోయిన ప్రతి తప్పు పక్కన మూడు సంగతులు రాయండి: ఏం మర్చిపోయారు, దానికి ముందు ఏ మాట పడింది, ఎవరు అన్నారు. తిట్టు లేకుండా పోయిన తప్పులు కూడా నిజాయితీగా రాయండి. అవే సగం ఉంటే, నేను పైన చెప్పినదాంట్లో సగం తప్పు. అప్పుడు చీటీతో, నిద్రతో మొదలెట్టడం మేలు. అన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే ఉంటే, ఆ కాగితమే మామయ్యకి చూపించొచ్చు. లెక్కలు నమ్మే మనిషి అన్నారుగా.

లేహ్యం నాలుగో సీసా కొనకండి. నాలుగో పేజీ చివర ఒక వాక్యం రాసి, మీద అడ్డదిడ్డంగా గీతలు కొట్టేశారు. అందులో ‘మరదలు’ అన్న మాట ఒక్కటే కనపడుతోంది, మిగతాది చదవడానికి నేను ప్రయత్నించలేదు. అది రాయాలనిపిస్తే ఇంకో ఉత్తరం రాయండి, ఈసారి కొట్టేయకుండా.